పచ్చ అంటే ఏ పచ్చ

మా జాతీయ మోటార్‌సైకిల్ సంఘం నియమాల పుస్తకంలో ఒక విచిత్రం ఉంది. నూట పన్నెండు పేజీలు తిరగేసినా 'పచ్చ' అన్న మాట ఒంటరిగా ఎక్కడా కనిపించదు. ఆకుపచ్చ అని ఉంటుంది, పసుపుపచ్చ అని ఉంటుంది. వట్టి పచ్చ మాత్రం ఉండదు. మూడో నియమం కింద ఇంకో ముక్క కూడా ఉంది. జెండాల రంగులు నోటితో చెప్పినా కాగితం మీద రాసినా పూర్తి పేరే వాడాలి, పొట్టి చేసి చెప్పినవాణ్ణి ఆ రోజు పనిలోంచి తప్పించాలి. కుర్రకారుకి ఇదంతా వేళాకోళం. నేను కనిపిస్తే చాలు, "తాతా, నువ్వు పది కాలాలపాటు ఆకుపచ్చగా ఉండాలి" అని దీవిస్తారు వెధవలు.

ఆ నియమం పట్టుబట్టి రాయించింది నేనే. ఎందుకు రాయించానో ముప్పై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నాకు నోరెక్కువ. చిన్నదానికీ పెద్దదానికీ ఒంటికాలి మీద లేస్తాను. సంఘంలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. అంత నోరున్నవాణ్ణి ఆ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

నేను మెకానిక్కుని. సంఘం ఇచ్చిన కార్డు మీద బళ్ళ పరీక్షాధికారి అని గొప్పగా ఉంటుంది గాని, చేసేది ఆ పనే. రేసు రోజు పొద్దున్నే ప్రతి బండి పక్కనా మోకాళ్ళ మీద కూర్చుని బ్రేకు తీగ లాగి చూస్తాను, గొలుసు వేలితో నొక్కి చూస్తాను, హెల్మెట్ మీద మెటికతో కొట్టి చెవి పెట్టి వింటాను. బీట ఉంటే చప్పుడు బొంగురుగా వస్తుంది. అలాంటి హెల్మెట్ పట్టుకొచ్చినవాడు ఎవరి మనవడైనా సరే ఇంటికి పంపించేస్తాను.

సంఘం కార్యదర్శి మా చిట్టి. మా తమ్ముడి కూతురు. తండ్రి పోయేనాటికి దానికి తొమ్మిది నెలలు. నన్ను పెదనాన్నా అంటుంది గాని, సైకిల్ నేర్పిందీ, బడికి వెళ్ళి మాస్టారితో గొడవ పడిందీ, మొదటిసారి మోటార్‌సైకిల్ ఎక్కించిందీ నేనే. ఇప్పుడు దేశంలో ఎక్కడ రేసు జరిగినా మలుపుల దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాళ్ళు దాని దగ్గర పాఠం నేర్చుకున్నవాళ్ళే.

పోయిన ఆదివారం పొద్దున కొత్తవాళ్ళకి పాఠం పెట్టింది. మా ఆఫీసు ఒక టైర్ల దుకాణం మీద రెండు గదులు. పెద్ద గదిలో నలభై మంది దాకా ఇరుక్కుని కూర్చున్నారు. నేను వెనకాల బల్ల మీద హెల్మెట్లు సర్దుకుంటున్నాను. చిట్టి ఎర్ర జెండా చూపించింది, తర్వాత పసుపుపచ్చ చూపించింది. ఇది ఊపితే ముందు ప్రమాదం ఉందని, వేగం తగ్గించాలని, ఎవర్నీ దాటకూడదని చెప్పింది. మధ్యలో ఒకడు చెయ్యెత్తి, మేం ఊపినా వాడు తగ్గించకపోతే ఏం చెయ్యాలండీ, బతిమాలాలా అని అడిగాడు. అందరూ నవ్వారు.

చిట్టి కూడా నవ్వింది. "అలాంటివాడొకడు ఉండేవాడు. ఈ సంఘం పుట్టిందే ఆయన వల్ల. ఎదురుగా ఈ జెండా ఊపుతుంటే చూశాడు. చూసి ఇంకా వేగం పెంచాడు. మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా పడి ఉన్న బండిని కొట్టి చచ్చిపోయాడు."

ఈ కథ అది ప్రతి ఏడూ చెబుతుంది. మనిషెవరో చెప్పదు. ఈసారి ఏమనిపించిందో ఏమో, జెండా మడిచి బల్ల మీద పెట్టి, "ఆయన మా నాన్న" అంది. "ఇంట్లో తొమ్మిది నెలల పిల్ల ఉందని కూడా గుర్తు రాలేదు ఆయనకి. మీరు జెండా ఊపేది అలాంటివాళ్ళ కోసం. అందుకని గట్టిగా ఊపండి."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. చిట్టి గొంతు మాత్రం మామూలుగానే ఉంది, అదే నాకు భరించరానిదైంది. చేతిలో ఉన్న హెల్మెట్ బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. వరండాలో కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఇక ఇది కడుపులో పెట్టుకుని ఒక్క రోజు కూడా తిరగలేనని అక్కడే అనుకున్నాను.

ఆ రోజుల్లో దేశం మొత్తానికి ఒక సంఘం అంటూ లేదు. ఊరికో క్లబ్బు, క్లబ్బుకో పద్ధతి. మా క్లబ్బులో పన్నెండు మందిమి, తొమ్మిది బళ్ళు. మాకు రెండే జెండాలు. ఎర్రదైతే ఆగాలి, నలుపు తెలుపు గళ్ళదైతే రేసు అయిపోయినట్టు. ఎవరైనా పడిపోతే జెండా గిండా ఏమీ లేదు, అరుచుకుంటూ దారి మీదికి పరిగెత్తేవాళ్ళం. ఒక ఊళ్ళో హెల్మెట్ పెట్టుకోనక్కర్లేదు. ఇంకో ఊళ్ళో క్లబ్బు డాక్టరంటే పశువుల డాక్టరు. మీకు ఆయనే సరైనవాడు అనేది మా ఆవిడ.

మా చిన్నోడు నాకంటే ఏడేళ్ళు చిన్న. మంచి రైడరు. బండి మీద కూర్చుంటే బరువు లేనట్టు కూర్చునేవాడు. కాని ప్రతిదీ నన్నడగాలి. గొలుసు బిగువు చాలునా అన్నయ్యా, ఈ టైరు ఉంచనా అన్నయ్యా, ఎండగా ఉంది లోపల ఇంకో చొక్కా వేసుకోనా అన్నయ్యా. విసుక్కునేవాణ్ణి. నేను ఎంత విసుక్కున్నా నా మాటకి ఎదురు చెప్పడం వాడికి తెలీదు.

అయిదు క్లబ్బులు కలిసి మొదటిసారి ఒక పెద్ద రేసు పెట్టాయి. సముద్రం పక్క ఊరు. గాలి హోరులో నిర్వాహకులు మైకులో ఏం చెప్పారో సగం మందికి వినపడలేదు. రేసుకి ఇంకా ఇరవై నిమిషాలుందనగా చిన్నోడి బండి కార్బురేటరులోంచి పెట్రోలు కారడం మొదలుపెట్టింది. నేను నేల మీద కూర్చుని అది విప్పాను. నోట్లో స్క్రూలు, చేతినిండా పెట్రోలు. అప్పుడొచ్చాడు వాడు.

"అన్నయ్యా, ఇక్కడ మలుపుల దగ్గర పచ్చ జెండాలు పట్టుకుని నిలబడ్డారు. మనకి లేవు కదా. పచ్చ అంటే ఏంటి?"

నేను తలెత్తలేదు. "పచ్చ అంటే పొమ్మని. దారి బాగుందని. అది కూడా తెలీదా? తప్పుకో, వెలుతురుకి అడ్డం రాకు."

"సరే అన్నయ్యా" అన్నాడు.

మా అమ్మ ఆకు రంగుని ఆకుపచ్చ అనేది. పసుపు రంగుని వట్టి పచ్చ అనేది. చిన్నోడు అమ్మ దగ్గరే పెరిగాడు, వాడికీ అదే మాట. నేను పద్నాలుగో ఏట ఇల్లు వదిలి పట్నంలో వర్క్‌షాపులో చేరాను. వర్క్‌షాపు ఎదురుగా నాలుగు రోడ్ల కూడలి, దాని మధ్య సిగ్నల్ దీపం. ఇరవై ఏళ్ళు ఆ దీపం చూస్తూ బతికినవాడికి పచ్చ అంటే ఒకటే అర్థం, పొమ్మని. ఒక తల్లి కడుపున పుట్టిన మా ఇద్దరికీ పచ్చ ఒకటి కాదని ఆ రోజు నాకు తట్టలేదు. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే ముప్పై అడుగుల దూరంలో మొదటి మలుపు దగ్గర పసుపు జెండా కనిపించేది.

పదకొండో రౌండులో ఎవరో జారిపడ్డారు. బండి మలుపు అవతల దారికి అడ్డంగా పడింది. ఇవతల నిలబడ్డ మనిషి పసుపు జెండా రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ముందు వస్తున్న ఇద్దరూ ఆ ఊరివాళ్ళే, ఆ జెండా తెలిసినవాళ్ళు, వేగం తగ్గించుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. మూడోవాడు మా చిన్నోడు. చూసినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. జెండా చూశాడు, ట్యాంకు మీదికి వంగాడు, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పాడు. జెండా పట్టుకున్న మనిషి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "నన్ను చూసి తలూపాడండీ. థాంక్స్ చెప్పినట్టు తలూపి వెళ్ళాడు" అన్నాడు. ఆ తలూపడం ఎందుకో ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు.

చిన్నోడు పోయిన తొమ్మిదో రోజున అయిదు క్లబ్బులవాళ్ళూ ఒక ప్లీడరు గారి ఆఫీసులో కలిశారు. ప్లీడరు గారు వయసులో ఉండగా రేసుల్లో పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషి, ఆ కుంటితనంతోనే కోర్టుకి మోటార్‌సైకిల్ మీద వెళ్ళేవారు. రేసులు మొత్తం ఆపేస్తామని పోలీసులు అప్పటికే చెప్పేశారు. ఆపితే కుర్రాళ్ళు మానరు, రోడ్ల మీద చస్తారు అన్నారు ప్లీడరు గారు. దేశం మొత్తానికి ఒక సంఘం కావాలి, ఒకే నియమం, ఒకే జెండా, లైసెన్సు లేనివాడు రేసులో దిగకూడదు, డాక్టరు రాకుండా రేసు మొదలవకూడదు. అన్నీ ఆయన చేత్తోనే రాసుకుంటూ పోయారు. ఆ కాగితాలే ఈనాటికీ మా సంఘానికి ఆధారం.

అయితే ముందు ఈ చావు ఎలా జరిగిందో అధికారులకి రాసివ్వాలి. ప్లీడరు గారు కళ్ళజోడు తీసి నా వంక చూశారు. మీ తమ్ముడికి ఆ జెండా అర్థం తెలుసా అని అడిగారు.

మూలన కుర్చీలో మా మరదలు కూర్చుని ఉంది. ఒళ్ళో చిట్టి నిద్రపోతోంది. మరదలికి ఇరవై నాలుగేళ్ళు. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు, ఈ మాట వినడానికే వచ్చింది. ఆమె కూడా నా వంకే చూస్తోంది.

"తెలుసు" అన్నాను.

అంతే. ఆమె ఎదురుగా 'నన్నడిగాడు, నేనే తప్పు చెప్పాను' అనే ధైర్యం నాకు లేకపోయింది. సంఘం పుట్టకుండా పోతుందని, రేసులు ఆగిపోతాయని, పోయినవాడు ఎలాగూ తిరిగి రాడని నాకు నేను తర్వాత చాలా చెప్పుకున్నాను. అవన్నీ తర్వాత వెతుక్కున్న సాకులు. ఆ క్షణంలో ఉన్నది పిరికితనం ఒక్కటే. హెచ్చరిక జెండాను రైడరు తెలిసి కూడా నిర్లక్ష్యం చేశాడని ప్లీడరు గారు రాశారు. తప్పు పోయినవాడిది, శిక్షించడానికి ఎవరూ మిగలలేదు. అధికారులకి అదే కావాలి. సంఘం పెట్టుకోండి, దాని అదుపులో రేసులు జరుపుకోండి అని అనుమతి ఇచ్చారు.

మరదలు పిల్లని భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయింది. ఏడవలేదు.

మా సంఘం మంచి సంఘం. కాదన్నవాడి చొక్కా ఇప్పటికీ పట్టుకుంటాను. రేసుకి ముందు రైడర్లందర్నీ కూర్చోబెట్టి ఒక్కొక్క జెండా విప్పి చూపించి సంతకం తీసుకుంటాం. వినపడలేదన్నవాడికి మళ్ళీ చెబుతాం. మలుపుల దగ్గర గడ్డి మోపులు పెట్టించాం, ఊరూరా తిరిగి దారులు కొలిచాం, మామూలుగా బండి మీద ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి కూడా బ్రేకు ఎలా వెయ్యాలో నేర్పించాం. ఎంతోమంది సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరారు. వాళ్ళని చూసినప్పుడల్లా సంతోషం, ఆ వెంటనే చిన్నోడు గుర్తొస్తాడు.

మరదలు ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. పిల్లని ఒంటి చేత్తో పెంచింది. ఇంట్లో చిన్నోడి ఫోటో ఒక్కటి కూడా ఉంచలేదు. చిట్టికి పదేళ్ళప్పుడు ఒకసారి నేను వాళ్ళింట్లో దాని సైకిల్ బాగుచేస్తున్నాను. నాన్న ఎలా ఉండేవాడమ్మా అని అడిగిందది. "మీ నాన్నకి మనకంటే తన ముందు వెళ్ళే బండే ముఖ్యం. అలా ఉండేవాడు" అంది మరదలు. నేను అక్కడే ఉన్నాను. విన్నాను. విని, బిగిసిపోయిన నట్టునే మళ్ళీ బిగించాను. నాలాంటివాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి.

ఆదివారం పాఠం మధ్యలో బయటికొచ్చినవాణ్ణి అటునుంచి అటే మరదలి ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు, రెండు గదులు. మధ్యాహ్నం కావస్తోంది. ఆమె మంచం మీద ఉతికిన బట్టలు కుప్పగా పోసుకుని మడతలు పెడుతోంది. రండి బావగారూ అని లేచింది, ముఖం అలా ఉందేంటి, మంచినీళ్ళు తెస్తానుండండి అంది. నీళ్ళు వద్దు, నువ్వు కూర్చో అన్నాను. కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. కార్బురేటరు, నోట్లో స్క్రూలు, అమ్మ పచ్చ, నా పచ్చ, ప్లీడరు గారి గదిలో నేనన్న 'తెలుసు', అన్నీ చెప్పాను.

ఆమె చేతిలో దిండు గలీబు ఉంది. సగం మడిచి ఆగిపోయింది.

"ఆయన మిమ్మల్ని అడిగారా?"

"అడిగాడమ్మా."

"ఏమని అడిగారు? ఆయన అన్నట్టే చెప్పండి. మాట మార్చకండి."

చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. మీరు చెప్పాక ఏమన్నారు అంది. సరే అన్నయ్యా అన్నాడని చెప్పాను. వెలుతురుకి అడ్డం రాకంటే పక్కకి జరిగి నిలబడ్డాడని కూడా చెప్పాను.

"అయితే ఆ జెండా చూసి..."

"దారి బాగుందనుకున్నాడు. అందుకే ఆ మనిషికి తలూపాడు."

గలీబు విప్పింది, మళ్ళీ మడిచింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను, నిజం చెప్తున్నాను. చెంప పగలగొడితే కొంచెం ఊపిరి ఆడేది.

"ముప్పై మూడేళ్ళు తిట్టానండీ ఆయన్ని" అంది చివరికి. మెల్లిగా, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. పిల్లకి జ్వరమొస్తే తిట్టింది. కుళాయి పాడైతే తిట్టింది. పిల్ల మొదటిసారి నడిచిన రోజున, చూడ్డానికి నువ్వు లేవు చూడు అని మరీ తిట్టింది. "మేమిద్దరం ఉన్నామని తెలిసి కూడా పోయాడనుకున్నాను. ఆ కోపంలో ఒక్క పూట కూడా ఏడవలేదు, బావగారూ."

"నన్ను తిట్టమ్మా" అన్నాను. "నీ నోటికొచ్చినట్టు తిట్టు."

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని వెతికాను. "మిమ్మల్ని కొత్తగా తిట్టే ఓపిక నాకు లేదు. ఉన్నదంతా ఆయన మీదే అయిపోయింది" అంది.

చిట్టికి మీరే చెప్పండి అంది. ఆ నలభై మందినీ మళ్ళీ పిలిపించి, వాళ్ళ ముందే చెప్పండి అంది. చెబుతానన్నాను. నియమాల పుస్తకం మొదటి పేజీలో, రైడరు తెలిసి కూడా నిర్లక్ష్యం చేశాడని ఉన్న ముక్క కూడా మార్పిస్తానన్నాను. అది ఆమె విన్నట్టు లేదు. బట్టలన్నీ మంచం మీద ఒక పక్కకి తోసి, గోడ వైపు తిరిగి, మనిషి కూర్చోవడానికి చోటు చేసింది.

"ఇక మీరు వెళ్ళండి. నేను ఆయనతో మాట్లాడుకోవాలి."

నేను బయటికొచ్చాను. వెనక తలుపు పడింది. మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. లోపలినుంచి చిన్నగా "ఏవండీ" అని వినిపించింది. కాసేపాగి మళ్ళీ "ఏవండీ" అంది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది. యాభై ఏడేళ్ళ మనిషి ఏడ్చినట్టు లేదు, ప్లీడరు గారి గదిలో కుర్చీలో కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఏడ్చినట్టుంది. ఆ గొంతు గోడలు దాటి మెట్లన్నీ దిగిపోయింది.

పక్కింటావిడ కంగారుగా తలుపు తీసింది. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, ఎవరు పోయారండీ అని అడిగింది.

మా తమ్ముడండీ అన్నాను.